దెబ్బకు ముందున్న అరసెకను: పాత కార్టూన్ చిత్రాలు ఇప్పటికీ ఎందుకు నవ్విస్తున్నాయి

అమలాపురం నుంచి మీరు పంపిన ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. డెబ్బై దాటిన, ఇంగ్లీషు రాని మీ నాన్నగారూ, ఈ ఏడే బడిలో చేరిన మీ పాపా పక్కపక్కన కూర్చుని, ఎనభై ఏళ్ల కిందటి ‘టామ్ అండ్ జెర్రీ’ పిల్లీ ఎలుకా బొమ్మలు చూస్తూ ఒకే చోట, ఒకే క్షణంలో ఎందుకు నవ్వుతున్నారన్నది మొదటిది. పాప చూసే కొత్త కార్టూన్ సీరియళ్లు ఎన్ని రంగులతో మెరిసిపోతున్నా మీ నాన్నగారు ఐదు నిమిషాలైనా కాకుండానే ఎందుకు లేచిపోతున్నారన్నది రెండవది. ఆ పాత బొమ్మల నిండా ఉన్న కొట్టుకోవడం పిల్ల మనసుకు హాని చేస్తుందేమోనన్న భయం మూడవది. నేను పాలకొల్లు దగ్గర పుట్టి పెరిగాను. యానిమేషన్ అంతా కాగితం మీద చేతితో గీసే రోజుల్లో హైదరాబాదు వెళ్లి ఆ పనిలో చేరి, ఇతరులు గీసిన రెండు బొమ్మల మధ్య బొమ్మలు నింపే ఇన్‌బిట్వీనర్‌గా మొదలుపెట్టి, యానిమేటర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. ఆ అనుభవంతో చెప్పగలిగినంత చెబుతాను.

మూడింటికీ మూలం ఒక్కటేనని నా నమ్మకం. ఈ చిత్రాలు మనల్ని నవ్వించేది దెబ్బతో కాదు. దెబ్బ పడబోతోందని మనకు ముందే తెలియజేసి, అది పడేలోగా మన చేత సరిగ్గా తగినంతసేపు ఎదురుచూయించడంలోనే వాటి బలమంతా ఉంది. ఆ వ్యవధి పొడవు ఎంతుండాలో కనిపెట్టినవారు కొద్దిమందే. వారు దానిని చూచాయగా కాక, సెకనులో ఇరవైనాలుగో వంతు తేడా కూడా రాకుండా లెక్కగట్టారు.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఇవి పిల్లల కోసం తీసినవి కావు. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా కలిసి ఎమ్‌జీఎమ్ స్టూడియోలో చేసిన తొలి పిల్లీ ఎలుకా చిత్రం ‘పస్ గెట్స్ ది బూట్’ 1940 ఫిబ్రవరిలో అమెరికా సినిమా హాళ్లలో విడుదలైంది. అందులో పిల్లి పేరు ఇంకా టామ్ కాదు, జాస్పర్. అప్పటినుంచి 1958 వరకు ఆ ఇద్దరి దర్శకత్వంలో 114 చిత్రాలు వచ్చాయి, వాటిలో ఏడింటికి ఆస్కార్ లభించింది. మన టూరింగ్ టాకీసుల్లో అసలు సినిమాకు ముందు న్యూస్‌రీలు వేసినట్లే, అక్కడ పెద్ద సినిమాకు ముందు ఏడెనిమిది నిమిషాల ఈ చిత్రాలు వేసేవారు. హాల్లో కూర్చున్నవారిలో పనినుంచి నేరుగా వచ్చిన కూలీలు ఉండేవారు, ముసలివాళ్లు ఉండేవారు, ఇంగ్లీషు సరిగ్గా రాని వలసదారులు ఉండేవారు, తల్లుల ఒళ్లో పిల్లలు ఉండేవారు. అందరినీ ఒకే క్షణంలో నవ్వించలేకపోతే ఆ చిత్రం తేలిపోయినట్లే. కాబట్టి మీ నాన్నగారు పిల్లల బొమ్మలు చూస్తున్నారని మీరు సందేహపడవలసిన పని లేదు. ఆయన వయసువారిని కూడా లెక్కలో పెట్టుకునే ఆ చిత్రాలు తీశారు.

ఇక లెక్క సంగతికి వస్తాను. సినిమా ఫిల్ములో సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు, కదులుతాయి. ఏడు నిమిషాల చిత్రమంటే పదివేల ఫ్రేములు దాటుతాయి. మామూలు కదలికకు ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములపాటు నిలిపి సెకనుకు 12 బొమ్మలతో సరిపెడతారు, వేగంగా సాగే చోట ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ గీస్తారు. వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో చక్ జోన్స్ అనే దర్శకుడు 1949లో ఒక జంటను ప్రవేశపెట్టాడు. ఎడారిలో నక్కను పోలిన కయోటీ అనే జంతువు, అది ఎన్నటికీ పట్టుకోలేని రోడ్ రన్నర్ అనే పక్షి. కయోటీ కొండ అంచు నుంచి లోయలోకి పడిపోవడం ఆ చిత్రాల్లో పదేపదే వస్తుంది. మనం పైనుంచి చూస్తుండగా అది చిన్నదైపోతూ, చుక్కయి, మాయమై, కాసేపటికి అడుగున చిన్న దుమ్ము లేస్తుంది. అది పడి కనుమరుగు కావడానికి 18 ఫ్రేములు, ఆ తర్వాత దుమ్ము లేవడానికి మరో 14 ఫ్రేములు పట్టాలని జోన్స్ లెక్క. పదమూడు ఫ్రేములకు నవ్వు రాలేదని, పదిహేనుకూ రాలేదని, పద్నాలుగుకే వచ్చిందని ఆయన స్వయంగా చెప్పాడు. పద్నాలుగు ఫ్రేములంటే అరసెకనుకు కాస్త ఎక్కువ. ఆ అరసెకనులో తెర మీద ఏమీ ఉండదు, ఖాళీ లోయ మాత్రమే ఉంటుంది. ఆ ఖాళీని నింపేది చూసేవాడే. నవ్వు అక్కడే తయారవుతుంది, దుమ్ము లేవగానే బయటపడుతుంది.

ఎమ్‌జీఎమ్‌లోనే పక్క విభాగంలో పనిచేసిన టెక్స్ ఏవరీ ఇంకో కొసను పట్టుకున్నాడు. ఒక వస్తువు కంటికి ఆనడానికి ఐదు ఫ్రేములు చాలని ఆయన కనిపెట్టాడు. పైనుంచి దాగలి పడాలంటే, నెత్తిన తగలడానికి ఐదు ఫ్రేముల ముందు అది తెరలోకి వస్తే సరిపోతుంది. అంతకు ముందే కనిపిస్తే వేగం చస్తుంది, అంతకన్నా ఆలస్యమైతే ఏం తగిలిందో చూసేవాడికి అర్థం కాదు. జోన్స్ ఎదురుచూయించాడు, ఏవరీ ఊపిరి తీసుకోనివ్వలేదు. 1940ల నడుమ నుంచి టామ్ అండ్ జెర్రీ చిత్రాలు వేగం పుంజుకోవడానికి ఏవరీ ప్రభావమే కారణమని ఈ విద్య తెలిసినవారంతా ఒప్పుకుంటారు. హన్నా, బార్బెరాల గొప్పతనం నా దృష్టిలో ఈ రెండింటినీ ఒకే చిత్రంలో కలపడం. పిల్లి మెల్లగా, పద్ధతిగా ఒక ఉచ్చు పన్నుతుంది, ఆ పన్నడమంతా మనం తీరికగా చూస్తాం, అది బెడిసికొట్టడం మాత్రం రెప్పపాటులో ముగుస్తుంది.

మన వైపు వాడికి దీనిని వివరించడం తేలిక. పంట కాలువ మీద తాటిపట్టె వేసిన చోట గట్టున నిలబడి చూడండి. కొత్తగా వచ్చిన అల్లుడుగారో, పట్నం నుంచి వచ్చిన బంధువో చెప్పులు చేతపట్టుకుని పట్టె మీద అడుగు పెడతాడు. మొదటి రెండడుగులు బాగానే పడతాయి. నడిమధ్యకు వచ్చాక ఒక చేయి పైకి లేస్తుంది, రెండో చేయి దాన్ని సరిచేయడానికి ఎదురు లేస్తుంది, నడుము వెనక్కు పోతుంది, మోకాళ్లు ముందుకు వస్తాయి. ఆ స్థితిలో ఆయన నిలిచిపోతాడు. గట్టున నలుగురుంటే నలుగురికీ నవ్వు మొదలయ్యేది అప్పుడే, ఆయన ఇంకా నీళ్లలో పడలేదు. పడిన తర్వాత మోకాలి లోతు నీటిలో లేచి నిలబడి అటూ ఇటూ చూస్తే ఆ నవ్వు రెట్టింపవుతుంది. దెబ్బ తగిలి లేవకపోతే నవ్విన నలుగురూ నీళ్లలోకి దూకుతారు. నవ్వుకు కావలసిన మూడు సంగతులూ ఇక్కడే ఉన్నాయి: పడబోతున్నాడని మనకు తెలియాలి, పడడానికి ముందు ఒక ఆగడం ఉండాలి, పడినవాడికి ఏమీ కాకూడదు. కార్టూన్ గీసేవాళ్లు ఈ మూడింటిలో మొదటి రెండింటినీ తమ చేతుల్లోకి తీసుకుని, మూడవదానికి శాశ్వతంగా హామీ ఇచ్చారు.

ఆ ఆగడాన్ని గీయడమెలాగో కొంచెం దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే ఈ కళలోని కష్టమంతా అందులోనే ఉంది. యానిమేటర్ బల్లకు మధ్యలో అద్దం, అద్దం కింద దీపం ఉంటాయి. అడుగున చిల్లులు పొడిచిన కాగితాలను పెగ్ బార్ అనే మేకుల పట్టీకి తగిలించి, ఒకదాని మీద ఒకటి పేర్చి గీస్తారు. ఎడమచేతి వేళ్ల సందుల్లో నాలుగైదు కాగితాలు పట్టుకుని వెనకా ముందూ తిప్పుతూ, బొమ్మ కదులుతున్నదా లేదా అని కళ్లతో తూచుకుంటారు. పక్కన ఎక్స్‌పోజర్ షీటు అనే పొడవాటి కాగితం ఉంటుంది. ఏ బొమ్మ ఎన్ని ఫ్రేములు నిలవాలో దాని మీద గళ్లలో రాస్తారు. పిల్లి పరుగెత్తాలనుకోండి. నేరుగా పరుగు గీస్తే కంటికి ఆనదు. ముందు అది పరుగు దిక్కుకు వ్యతిరేకంగా వెనక్కు వంగాలి, ఒక కాలు పైకి ముడవాలి, రెండు చేతులూ గాలిలో బిగబట్టాలి. ఆ భంగిమను ఆరేడు ఫ్రేములు నిలపాలి. తర్వాత పిల్లిని తెరనుంచి ఒకటి రెండు ఫ్రేముల్లో మాయం చేసి, అక్కడ దుమ్ము గీతలు మాత్రం వదలాలి. పరుగును మనం చూడనే లేదు, అయినా బ్రహ్మాండమైన పరుగు చూశామని నమ్ముతాం. కొత్తగా పనిలో చేరినవారు చేసే పొరపాటు ఎప్పుడూ ఒక్కటే: వెనక్కు వంగడానికి తక్కువ బొమ్మలు, పరుగుకు ఎక్కువ బొమ్మలు గీస్తారు. పెద్ద యానిమేటర్ ఆ షీటు తీసుకుని అంకెలను తారుమారు చేయగానే, అవే గీతలు ప్రాణం పోసుకుంటాయి. నేను ఈ వృత్తిలో నేర్చుకున్న అతి విలువైన పాఠం అదే.

అన్నింటికన్నా కష్టమైనది కదలిక లేని బొమ్మ. కయోటీ అంచు దాటి గాలిలో నడుస్తూ పోతుంది, కిందికి చూసేవరకూ పడదు. కాలితో తడిమి చూస్తుంది, ఏమీ తగలదు. అప్పుడు అది లోయవైపు కాక మనవైపు తిరుగుతుంది. ఆ ముఖంలో అరుపు ఉండదు, ఏడుపు ఉండదు, తనకు జరగబోయేది తనకు తెలిసిందన్న ఒక్క భావమే ఉంటుంది. చెవులు వాలతాయి, కనుబొమలు మధ్యలో పైకి లేస్తాయి, అంతే. మీ నాన్నగారు నవ్వేది అక్కడేనని నేను ధైర్యంగా చెప్పగలను. డెబ్బై ఏళ్లు బతికిన మనిషికి ఆ ముఖం బాగా తెలుసు. పాపకు ఆ ముఖం ఇంకా తెలియదు గానీ పడబోతోందని తెలుసు. ఇద్దరి నవ్వులకూ మూలాలు వేరైనా, చక్ జోన్స్ ఆ రెండింటినీ ఒకే ఫ్రేము మీద కలిపాడు. ఆ చిత్రాల్లో మాట అవసరం లేకపోవడానికి కారణం కూడా ఇదే. రోడ్ రన్నర్ కూత ఒక్కటే వినిపిస్తుంది. ఆ కూత పెట్టినవాడు నటుడు కాడు, అదే స్టూడియోలో వెనుక దృశ్యాలు చిత్రించే పాల్ జూలియన్ అనే చిత్రకారుడు.

మాట లేని చోట సంగీతమే మాట. దీనిని చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం ఇది సగం కళ. టామ్ అండ్ జెర్రీకి స్కాట్ బ్రాడ్లీ, వార్నర్ చిత్రాలకు కార్ల్ స్టాలింగ్ సంగీతం సమకూర్చారు. చిత్రం పూర్తయ్యాక దానికి సంగీతం అతికించడం కాకుండా, గీయడానికి ముందే కదలికలను తాళం లెక్కలో విభజించుకునేవారు. ఎన్ని ఫ్రేములకు ఒక దెబ్బ తాళం, ఏ తాళం మీద అడుగు, ఏ తాళం మీద తలుపు అన్నది ముందే నిర్ణయమయ్యేది. ఈ లెక్కలో విలియం హన్నా దిట్ట. బార్బెరా బొమ్మలతో కథ అల్లితే, దానికి కాలం కొలిచి పెట్టింది హన్నాయే. టామ్ వేలు నలిగినప్పుడు పెట్టే ఆ విలక్షణమైన అరుపు కూడా హన్నా గొంతే.

1947లో విడుదలైన ‘ది క్యాట్ కన్సర్టో’ను ఈ దృష్టితో మరోసారి చూడండి. టామ్ కచేరీ దుస్తుల్లో వేదిక మీదికి వచ్చి, ఫ్రాంజ్ లిస్ట్ స్వరపరచిన రెండవ హంగేరియన్ రాప్సడీని పియానో మీద వాయించడం మొదలుపెడతాడు. పియానో లోపల సుత్తుల మీద నిద్రపోతున్న జెర్రీకి మెలకువ వస్తుంది. అక్కడినుంచి కచేరీ ఆగకూడదన్నది పిల్లి కష్టం, ఆపాలన్నది ఎలుక పట్టుదల. ఒక చోట జెర్రీ పియానో మెట్లను తీసి వాటి స్థానంలో ఎలుకల బోను స్ప్రింగు పెడుతుంది. టామ్ వేళ్లు దానికి అటూ ఇటూ వాయిస్తూ, ప్రతిసారీ వెంట్రుకవాసిలో తప్పించుకుంటాయి. స్ప్రింగు పట్టుకుంటుందని మనకు తెలుసు. ఎప్పుడన్నది మాత్రం సంగీతానికే తెలుసు. రాగం మలుపు తిరిగే వరకు మనల్ని పట్టి ఉంచి, ఆ తర్వాతే వేలు పడుతుంది. అప్పటికే మనం చాలాసేపు నవ్వు ఆపుకుని ఉంటాం. టామ్ వేళ్లు వినిపించే స్వరాలకు తగిన మెట్ల మీదే కదులుతాయని పియానో తెలిసినవారు మెచ్చుకుంటారు. గీతలో ఆ నిజాయితీ లేకపోతే ఆ హాస్యం సగానికి సగం తగ్గిపోయేది.

ఒక సంక్రాంతికి మా ఊళ్లో మేనల్లుళ్లూ మేనకోడళ్లూ, వీధిలోని పిల్లలూ చేరినప్పుడు, వరండా గోడకు తెల్ల పంచె కట్టి ప్రొజెక్టరుతో ఈ చిత్రాలు వేశాను. ఒకటి మామూలుగా చూపించాక, ఇంకొకటి ధ్వని పూర్తిగా కట్టేసి వేశాను. పిల్లలు చూశారు, కొంత నవ్వారు, అంతలోనే తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. తర్వాత ఒకదానికి లెన్సుకు అట్ట అడ్డం పెట్టి ధ్వని మాత్రం వినిపించాను. బొమ్మ లేదు, వట్టి పంచె. అయినా తీగలు మెల్లగా మెట్లెక్కుతుంటే పిల్లలంతా ఊపిరి బిగబట్టారు, తప్పెట మోగగానే విరగబడి నవ్వారు. అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లూ వాళ్లతో కలిశారు. ఏం జరిగిందో ఎవరూ చూడలేదు గానీ ఎప్పుడు జరిగిందో అందరూ విన్నారు. నవ్వుకు ‘ఏమిటి’ కన్నా ‘ఎప్పుడు’ ముఖ్యమని నాకు అంతకన్నా గట్టి రుజువు దొరకలేదు.

గోదావరి జిల్లాల వారికి ఈ విద్య కొత్తదేమీ కాదని కూడా చెప్పాలి. కాకినాడ దగ్గరి మాధవపట్నం తోలుబొమ్మలాటకు పేరుపడ్డ ఊరు. తెల్లటి తెర, వెనుక దీపం, నిలువెత్తు తోలుబొమ్మలు. రామాయణ ఘట్టం గంభీరంగా సాగుతుండగా నడుమ కేతిగాడో జుట్టుపోలిగాడో ఊడిపడతాడు, బంగారక్క వాడిని తగులుకుంటుంది, ఇద్దరూ కొట్టుకుంటారు. తోలుబొమ్మను తోలుబొమ్మతో కొడితే చప్పుడు రాదు. ఆ చప్పుడు ఆడించేవారి కాళ్ల కింద ఉంటుంది. నేల మీద పరిచిన చెక్కలను పాదంతో తొక్కి, తెర మీద చేయి తాకిన క్షణానికే టపీమనిపిస్తారు. పాదం ఒక్క లిప్త ముందు పడినా వెనుక పడినా అది వట్టి చెక్క చప్పుడే. సమంగా పడితే జుట్టుపోలిగాడి వీపు మోగినట్టే. ఐరోపాలో ఇటలీ దేశపు వీధి నాటకాల్లోనూ రెండు పలుచటి చెక్కలు కలిపిన పట్టీతో కొట్టేవారు. దెబ్బ చిన్నది, చప్పుడు పెద్దది. వార్నర్ స్టూడియోలో ట్రెగ్ బ్రౌన్ అనే శబ్దకారుడు సీసాలు, స్ప్రింగులు, బ్రేకుల కీచులతో చేసిన పని కూడా ఆ చెక్కల పనే.

తోలుబొమ్మకూ కార్టూన్‌కూ ఇంకో చుట్టరికం ఉంది. బొమ్మ మొత్తాన్ని నల్లగా నింపేసినా అది ఏం చేస్తున్నదో తెలియాలి. తోలుబొమ్మల్ని ఎక్కువగా పక్కవాటు ముఖాలతో కోసేది ఇందుకే, యానిమేటర్లు ప్రతి భంగిమకూ ముందుగా నీడ ఆకారం సరిచూసుకునేదీ ఇందుకే. టామ్ గోడపక్క నక్కి కూర్చుంటే వీపు వంపు ఒక్కటి చాలు. మా తరంలో గీత పట్టిన గోదావరి కుర్రవాళ్లకు ఈ సంగతి ముందుగా నేర్పింది హాలీవుడ్ కాదు, నర్సాపురంలో పుట్టిన బాపు. ఆయన కార్టూన్లలో ఒక ఆసామి కోపంగా తిరిగి నిలబడితే, ముఖం కనిపించకపోయినా ఆ నిలుచున్న తీరులోనే కోపం చదువుకునేవాళ్లం. ఆ కంటితో వెళ్లి టామ్ అండ్ జెర్రీ చూస్తే ఆ గీతలు పరాయివిగా అనిపించలేదు.

రెండో ప్రశ్నకు సమాధానం కొంత చరిత్ర, కొంత డబ్బు. టెలివిజన్ వచ్చాక సినిమా హాళ్లకు జనం తగ్గారు. పెద్ద సినిమాతో పాటు చిన్న చిత్రాలను కట్టగట్టి హాళ్లకు అంటగట్టే పద్ధతిని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు అడ్డుకుంది. పాత కార్టూన్లనే మళ్లీ విడుదల చేసినా కొత్తవాటితో దాదాపు సమానంగా డబ్బు వస్తోందని గ్రహించి ఎమ్‌జీఎమ్ 1957లో తన కార్టూన్ విభాగాన్ని మూసివేసింది. హన్నా, బార్బెరా అక్కడినుంచి టెలివిజన్‌కు వెళ్లి, అదివరకటి ఖర్చులో చిన్న భాగంతో వారంవారం బొమ్మలు తయారుచేయవలసి వచ్చింది. ఏం తగ్గించగలరు? బొమ్మలనే తగ్గించారు. శరీరాన్ని కదలకుండా నిలిపి తలను మాత్రం కదిపారు. మెడ దగ్గర అతుకు కనబడకుండా పాత్రలకు కాలర్లు, టైలు తొడిగారు. కదలిక పోయిన చోటును మాటలతో నింపారు. ఆ పద్ధతిలోనూ మంచి రచన వచ్చింది, నేను దానిని తక్కువ చేయను. అయితే అది వినే హాస్యం. భాష తెలిసినవాడికే అందుతుంది. మీ నాన్నగారు లేచిపోవడానికి మొదటి కారణం అదే.

ఇప్పటి పిల్లల సీరియళ్లలో కంప్యూటరు వల్ల కదలికకు కొదవ లేదు. కొదవంతా ఆగడానికే. పిల్ల ఛానెలు మార్చేస్తుందన్న భయంతో ప్రతి సెకనూ ఏదో ఒకటి ఎగురుతూ, అరుస్తూ, మెరుస్తూ ఉంటుంది. ఖాళీ లోయను పద్నాలుగు ఫ్రేములు చూపే ధైర్యం వాటిలో కొద్దింటికే ఉంది. గడువుకు కట్టుబడి, విదేశీ సీరియళ్లకు బొమ్మలు గీసే పని నేనూ చేశాను. ఆ పనిలో టైమింగ్ పైనుంచి వచ్చే షీటు మీద ముందే నింపి ఉంటుంది, దాన్ని మార్చే అధికారం గీసేవాడికి ఉండదు. పాత స్టూడియోల్లో దర్శకుడూ కథ రాసేవాడూ యానిమేటరూ సంగీతకారుడూ ఏళ్ల తరబడి ఒకే కప్పు కింద ఉన్నారు. ఒక నవ్వు పండకపోతే పక్క గదికి వెళ్లి రెండు ఫ్రేములు తీయించగలిగారు. తేడా ప్రతిభలో కాదు, ఆ వీలులో ఉందని నా అభిప్రాయం.

ఇదే సందర్భంలో ఒక మాట. పాత పిల్లీ ఎలుకా చిత్రాలకు మన దేశపు భాషల్లో మాటలు, వ్యాఖ్యానాలు అతికించిన రూపాలు కొన్ని వస్తున్నాయి. వాటిని దయచేసి పాపకు చూపవద్దు. పిల్లి గోడ పక్క నక్కగానే ‘ఇప్పుడు చూడు నీ పని’ అని ఒక గొంతు చెబితే, ఆ ఎదురుచూపు చచ్చిపోతుంది. బ్రాడ్లీ తీగలతో చెప్పినదాన్ని మాటలతో మళ్లీ చెప్పడం ఆయన పనిని చెరిపేయడమే.

మూడవది హింస. మీ భయాన్ని నేను కొట్టిపారేయను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా బృందం 1963లో ప్రచురించిన ప్రయోగంలో, నర్సరీ వయసు పిల్లలలో కొందరికి గాలి నింపిన బొమ్మను పెద్దవాళ్లు కొట్టడం చూపారు, కొందరికి నల్లపిల్లి వేషం వేసుకున్న మనిషి కార్టూన్ ఫక్కీలో కొట్టే ఫిల్ము చూపారు. ఆ ఫిల్ము చూసిన పిల్లలు కూడా, ఏమీ చూడనివారికన్నా ఎక్కువగా బొమ్మను కొట్టారు. అది బొమ్మను కొట్టడమే గానీ తోటి పిల్లను కొట్టడం కాదు, చూసిన వెంటనే కొలిచిన ఫలితమే గానీ ఏళ్ల తర్వాతది కాదు. అయినా చిన్నపిల్లలు చూసినదాన్ని చేసి చూస్తారన్నది నిజం, తల్లిదండ్రులకు అది తెలిసిన సంగతే. ఐదేళ్లలోపు పిల్లను వీటి ముందు ఒంటరిగా వదలకూడదని నేనంటాను. మీ ఇంట్లో తాతగారు పక్కనుంటున్నారు, అది సరైన పద్ధతి. సుత్తితో కొడితే నెత్తి మీద బొప్పి కట్టి, మరుక్షణం మాయమవడం బొమ్మల్లోనే జరుగుతుందని ఆయన ఒక్క మాట చెబితే చాలు.

అయితే ఈ చిత్రాల్లో దెబ్బ ఎవరికి తగులుతున్నదో కూడా చూడాలి. బలవంతుడు బలహీనుడిని కొట్టి గెలవడం వీటిలో దాదాపు కనిపించదు. దెబ్బలన్నీ తరిమేవాడికే. కయోటీకి ఏ హానీ రోడ్ రన్నర్ చేయకూడదని, తన తొందరపాటు వల్లో, ఆ చిత్రాల్లోని కల్పిత ఆక్మే కంపెనీ నుంచి తెప్పించుకున్న యంత్రం పనిచేయకపోవడం వల్లో మాత్రమే జరగాలని, చూసేవారి జాలి ఎప్పుడూ కయోటీ వైపే ఉండాలని జోన్స్ నియమాలు రాసుకున్నాడు. కయోటీ ఎప్పుడైనా ఆగిపోవచ్చు, ఆగదు. టామ్ విషయంలో అంత కచ్చితమైన న్యాయం లేదు. కొన్ని చిత్రాల్లో ఏ తప్పూ చేయని టామ్‌ను జెర్రీ వేధిస్తుంది, అవి నాకు నచ్చవు. పిల్ల జాలిపడి ‘పాపం పిల్లి’ అంటే సంతోషించండి. ఆ చిత్రం ఆమెకు సరిగ్గానే అందింది.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది దెబ్బలకన్నా వేరే విషయం. 1940లలోని కొన్ని చిత్రాల్లో నల్లజాతి వారిని వెక్కిరించే బొమ్మలున్నాయి. టామ్‌ను అదిలించే ఇంటి పనిమనిషి పాత్రను, ముఖం దాదాపు చూపకుండా, ఆనాటి చులకన మూసలో చిత్రించారు. బాంబు పేలగానే పాత్ర ముఖం నల్లబడి పెదవులు లావై కనిపించే దృశ్యాలు నవ్వు కోసం పెట్టారు. ఆ బొమ్మల్లో టైమింగ్ ఎంత గొప్పదైనా, అక్కడ నవ్వు పుట్టించేది ఒక జాతి పట్ల చులకనే. అలాంటివి ముందు మీరు చూసి, పాపకు చూపకుండా దాటవేయండి. పెద్దయ్యాక, అవి ఎందుకు తప్పో చెప్పి చూపవచ్చు.

పాపకు వీటిని ఏ వరసలో చూపితే బాగుంటుందో కూడా చెబుతాను. 1945 నుంచి 1953 మధ్య హన్నా, బార్బెరా చేసినవాటితో మొదలుపెట్టండి. గీత, వేగం, సంగీతం మూడూ ఆ ఏళ్లలోనే పరిపక్వంగా ఉన్నాయి. 1960ల తొలి రోజుల్లో ప్రాగ్ నగరంలో జీన్ డైచ్ చేసిన పదమూడింటిని చివరకు ఉంచండి. అవి వింతగా ఉంటాయి, శబ్దాలు ప్రతిధ్వనిస్తాయి, చిన్నపిల్లలు కొందరు భయపడతారు. రోడ్ రన్నర్ చిత్రాలను ఒకే కూర్చున్న చోట రెండింటికి మించి చూపకండి. వరుసగా చూస్తే ఎదురుచూపు అలవాటై నవ్వు పలచబడుతుంది. ఫోను తెర మీద కాక టీవీలో చూపండి, ఎందుకంటే కయోటీ కనుబొమ లేవడం చిన్న తెరలో కనిపించదు. స్పీకరు కొంచెం పెద్దగా పెట్టి, మధ్యలో ఆపకుండా చివరిదాకా నడవనివ్వండి.